పరీక్ష రాయకుండానే పాసైన ప్రోగ్రాము

పరీక్షలు అనగానే మీలో చాలామందికి గుండె దడదడలాడుతుంది కదూ! "ఈ పరీక్షలు మనకేనా, ఇంకెవరికీ ఉండవా?" అని మీరు విసుక్కున్న రోజులు కూడా ఉండే ఉంటాయి. ఉండకపోవడమేమిటి? రైతు విత్తనాలు చల్లే ముందు గుప్పెడు తీసి తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలకెత్తాయో చూస్తాడు. కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ దాన్ని వేలితో కొట్టి, చప్పుడు విని మరీ బేరమాడుతుంది. ఇవన్నీ పరీక్షలే. అలాగే కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా పరీక్షలున్నాయి. ప్రశ్నలూ, వాటికి రావలసిన జవాబులూ మనం ఒక్కసారి రాసి పెడితే చాలు. ఆ తరువాత పరీక్ష పెట్టేదీ కంప్యూటరే, దిద్దేదీ కంప్యూటరే, ఫలితాలు ప్రకటించేదీ కంప్యూటరే!

ఆ పరీక్షల సంగతేమిటో ఈ నెల తెలుసుకుందాం. ముందుగా మా పాఠశాలలో జరిగిన ఒక విషయం చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది. అందుకే మీకు చెప్పాలనిపించింది.

ఒక్క మార్కు కథ

మా పాఠశాల కంప్యూటరు గదిలో కొన్ని పాత యంత్రాలు ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు వాటి మీద పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నారు. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాక, "సార్, మార్కులు ఇస్తే పాసో ఫెయిలో చెప్పే ప్రోగ్రాము మేం రాస్తాం" అని ముందుకొచ్చారు. సరే కానివ్వమన్నాను. నూటికి 35 మార్కులు వస్తే పాసు. ఇదీ నియమం.

ప్రోగ్రాము తయారైంది. "మరి దీన్ని పరీక్షించారా?" అని అడిగాను. "పరీక్షలు కూడా రాశాం సార్, చూడండి!" అంటూ ఒక ఆదేశం టైపు చేశారు. తెర మీద రెండు మూడు పంక్తులు వచ్చాయి. అన్నిటికన్నా కింద 'ఓకే' అని పడింది. ఆ ఓకే చూసి నేనూ తల ఊపాను. ఫలితాల పట్టిక అచ్చుతీసి నోటీసు బోర్డు మీద అంటించాం.

మధ్యాహ్నం భోజనాల వేళ ఒక అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "సార్, లెక్కల్లో నాకు 35 వచ్చాయి. బోర్డు మీద ఫెయిల్ అని ఉంది" అంది. పేపరు తీసి చూశాను. నిజమే, సరిగ్గా 35. పోయిన పరీక్షలో 20 దాటని పిల్ల అది. రోజూ బడి అయిపోయాక కూర్చుని లెక్కలు చేసుకుని, మొదటిసారి గట్టెక్కింది. అలాంటి పిల్లను మా ప్రోగ్రాము అందరి ముందూ ఫెయిల్ అని చెప్పింది!

తప్పు ఎక్కడుంది?

ప్రోగ్రాము తెరిచి చూశాం. అది ఇలా ఉంది. (పైథాన్‌లో డెఫ్, ఇఫ్, రిటర్న్ వంటి మాటలను ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి. మీరు చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.)

డెఫ్ ఫలితం(మార్కులు):
    ఇఫ్ మార్కులు > 35:
        రిటర్న్ "పాస్"
    రిటర్న్ "ఫెయిల్"

చూశారా! 35 కంటే ఎక్కువ వస్తేనే పాస్ అని రాశారు. '35 గానీ, అంతకంటే ఎక్కువ గానీ' అని చెప్పాలంటే > పక్కన = కూడా ఉండాలి. ఒక్క గుర్తు తగ్గింది. 20 మార్కులకూ 80 మార్కులకూ ఈ ప్రోగ్రాము సరైన జవాబే చెబుతుంది. సరిగ్గా గట్టు మీద నిలబడ్డ 35 దగ్గర మాత్రం తప్పు చెబుతుంది. అందుకే ఏ ప్రోగ్రామునైనా పరీక్షించేటప్పుడు గట్టుకు ఇవతల ఒక ప్రశ్న, గట్టు మీద ఒక ప్రశ్న, అవతల ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. ఇక్కడైతే 34, 35, 36 అన్నమాట.

చిత్రమేమిటంటే, మా పిల్లలు సరిగ్గా ఆ మూడు ప్రశ్నలే రాశారు! ఇదిగో వాళ్ళ పరీక్ష పత్రం:

ఇంపోర్ట్ యూనిట్‌టెస్ట్
ఫ్రమ్ మార్క్స్ ఇంపోర్ట్ ఫలితం

క్లాస్ మార్కులపరీక్ష(యూనిట్‌టెస్ట్.టెస్ట్‌కేస్):
    డెఫ్ టెస్ట్_34(సెల్ఫ్):
        సెల్ఫ్.అసర్ట్‌ఈక్వల్(ఫలితం(34), "ఫెయిల్")
    డెఫ్ టెస్ట్_35(సెల్ఫ్):
        సెల్ఫ్.అసర్ట్‌ఈక్వల్(ఫలితం(35), "పాస్")
    డెఫ్ టెస్ట్_36(సెల్ఫ్):
        సెల్ఫ్.అసర్ట్‌ఈక్వల్(ఫలితం(36), "పాస్")

'అసర్ట్‌ఈక్వల్' అంటే "ఈ రెండూ సమానం కావాలి, కాకపోతే నాకు చెప్పు" అని అర్థం. ప్రోగ్రాము చెప్పిన జవాబు ఒక పక్క, రావలసిన జవాబు ఒక పక్క. ఇంతకంటే సులువైన పరీక్ష ఉంటుందా? 35 అని అడగగానే ప్రోగ్రాము దొరికిపోవాలి. మరి ఎందుకు దొరకలేదు? ఓకే అని ఎందుకు వచ్చింది? అది తెలియాలంటే కంప్యూటరు ఈ పరీక్షలను ఎలా వెతికి పట్టుకుంటుందో తెలుసుకోవాలి.

ఆదేశాల గీత

మీరు కంప్యూటరు మీద బొమ్మలను నొక్కి పనులు చేయించడం చూసే ఉంటారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒక ఖాళీ కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఒక గీత మీద మనకు కావలసింది మాటల్లో టైపు చేసి ఎంటర్ నొక్కాలి. జవాబు కూడా మాటల్లోనే వస్తుంది. దీన్నే కమాండ్ లైన్ అంటారు. మనం చెప్పుకుంటున్న పరీక్షలకు ఆదేశం ఇది:

పైథాన్ -ఎం యూనిట్‌టెస్ట్ డిస్కవర్

దీన్ని తెలుగులో చెప్పాలంటే, "పైథానూ! యూనిట్‌టెస్ట్ అనే నీ పనిముట్టును తియ్యి. ఈ ఫోల్డరులో పరీక్షలు ఎక్కడున్నాయో నువ్వే వెతుకు. దొరికినవన్నీ పెట్టు" అని. 'డిస్కవర్' అంటే కనిపెట్టడం.

ఎందుకు వెతకాలి? ఏ పరీక్ష ఎక్కడుందో మనమే చెప్పవచ్చు కదా అని మీకు సందేహం రావచ్చు. మూడు పరీక్షలుంటే చెప్పవచ్చు. పెద్ద ప్రోగ్రాములకు వేల పరీక్షలు ఉంటాయి. రోజూ కొత్తవి చేరుతుంటాయి. వాటి పేర్లన్నీ ఒక జాబితాలో రాస్తూ పోతే ఏదో ఒక రోజు ఒకటి మరిచిపోతాం. మరిచిపోయిన ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం ప్రోగ్రాముకు ఉండదు కదా! అందుకే వెతికే పని కూడా యంత్రానికే అప్పగించారు.

నంబరు లేని ఇల్లు

జనాభా లెక్కలు తీసుకునే ఉద్యోగిని తలుచుకోండి. ముందుగా ఇళ్ళ తలుపుల మీద నంబర్లు వేస్తారు. ఆ తరువాత ఉద్యోగి నంబరు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, లోపల ఎవరెవరు ఉన్నారో రాసుకుంటాడు. మన యూనిట్‌టెస్ట్ కూడా అచ్చంగా అలాంటి ఉద్యోగే. అది చేసే పని వరుసగా ఇది:

1. మనం నిలబడి ఉన్న ఫోల్డరు నుంచి బయలుదేరుతుంది. లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళుతుంది. కాని వాటిలో 'ఇనిట్' అనే ప్రత్యేకమైన ఫైలు (పేరుకు అటూ ఇటూ రెండేసి కింది గీతలు ఉంటాయి) ఉండాలి. ఆ ఫైలు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు.

2. ఫైళ్ళ పేర్లు చదువుతుంది. పేరు 'టెస్ట్' అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో మొదలై, '.పై' అని ముగియాలి. మధ్యలో ఏమైనా ఉండవచ్చు. దీన్ని 'టెస్ట్*.పై' అని రాస్తారు. ఆ నక్షత్రం గుర్తుకు 'ఏదైనా సరే' అని అర్థం. పేరులో ఖాళీ జాగా గానీ అడ్డగీత గానీ ఉంటే మాత్రం ఆ ఫైలును వదిలేస్తుంది.

3. పేరు కుదిరిన ఫైలును తెరిచి, లోపల 'టెస్ట్‌కేస్' వంశానికి చెందిన క్లాసులు ఉన్నాయా అని చూస్తుంది.

4. ఆ క్లాసుల్లో 'టెస్ట్' అని మొదలయ్యే పేరున్న ప్రతి ఫంక్షన్‌నూ ఒక పరీక్షగా లెక్కపెడుతుంది.

5. అన్నిటినీ పేర్ల అక్షర క్రమంలో ఒక్కొక్కటిగా నడిపిస్తుంది.

ఇప్పుడు మా పిల్లల ఫైలు పేరు చెప్పనా? 'మార్క్స్_పరీక్ష.పై'! చక్కని పేరే. కాని 'టెస్ట్' అన్న మాట ముందు లేదు. తలుపు మీద నంబరు లేని ఇల్లు అన్నమాట. ఇంటి నిండా జనం ఉన్నా ఉద్యోగి తలుపు తట్టలేదు. వీధి చివరిదాకా వెళ్ళి, "నాకు ఎవరూ కనబడలేదు, గొడవలేమీ లేవు, ఓకే" అని రాసి వెళ్ళిపోయాడు.

మేమంతా కింది పంక్తిలోని ఓకే ఒక్కటే చూశాం. దానికి పైనే ఇంకో పంక్తి ఉంది. 'రాన్ 0 టెస్ట్స్'. అంటే, నడిపిన పరీక్షలు సున్నా! పరీక్ష హాల్లో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పాస్ సర్టిఫికెట్టు ఇచ్చినట్టయింది. ఆ సున్నాను నేను చూసి ఉంటే ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకునేది కాదు.

చుక్కల భాష

ఫైలు పేరును 'టెస్ట్_మార్క్స్.పై' అని మార్చి, అదే ఆదేశం మళ్ళీ ఇచ్చాం. ఈసారి మొదటి పంక్తిలో ఇలా వచ్చింది:

.ఎఫ్.

ఒక చుక్క, ఒక ఎఫ్ అక్షరం, ఇంకో చుక్క. చుక్క అంటే ఆ పరీక్ష నెగ్గింది. ఎఫ్ అంటే తప్పింది. అక్షర క్రమంలో మొదటిది 34, రెండోది 35, మూడోది 36. తప్పు 35 దగ్గర ఉందని ఆ మూడు గుర్తులే చెబుతున్నాయి! దాని కింద వివరం కూడా ఉంది: 'ఫెయిల్' != 'పాస్'. అంటే వచ్చిన జవాబు 'ఫెయిల్', రావలసింది 'పాస్', రెండూ సమానం కావు. చివర, నడిపిన పరీక్షలు 3, తప్పినవి 1 అని లెక్క. ఇదంతా రెప్పపాటు కాలంలో.

కొన్నిసార్లు ఎఫ్ బదులు 'ఈ' అనే అక్షరం వస్తుంది. రెండింటికీ తేడా ఉంది. విద్యార్థి జవాబు తప్పు రాస్తే అది ఎఫ్. అసలు జవాబు రాసేలోపలే కలం విరిగి, పరీక్ష ఆగిపోతే అది ఈ. ఉదాహరణకు 'ఫలితం' అని టైపు చేయబోయి 'ఫలతం' అని చేశామనుకోండి. ఆ పేరు గలది ఏదీ లేదు గనుక పరీక్ష ముందుకు సాగదు. అప్పుడు ఈ వస్తుంది.

> పక్కన = చేర్చాం. మళ్ళీ ఆదేశం ఇచ్చాం. మూడు చుక్కలు! రాన్ 3 టెస్ట్స్. ఓకే. ఈ ఓకేకు విలువ ఉంది. ఎందుకంటే దాని పైన సున్నా లేదు, 3 ఉంది. పట్టిక మళ్ళీ అచ్చుతీసి, పాతది చించేసి, కొత్తది అంటించాం. ఆ ముగ్గురు పిల్లలూ వెళ్ళి ఆ అమ్మాయికి స్వయంగా చెప్పి వచ్చారు. నేనూ చెప్పాను.

ఆదేశానికి తోకలు

ఈ ఆదేశం చివర చిన్న చిన్న తోకలు తగిలించవచ్చు. '-వి' అని చేరిస్తే చుక్కలకు బదులు ఒక్కొక్క పరీక్ష పేరూ, దాని ఫలితమూ విడివిడిగా కనిపిస్తాయి. '-ఎఫ్' అని చేరిస్తే మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. '-కె 35' అంటే పేరులో 35 ఉన్న పరీక్షలు మాత్రమే నడుస్తాయి. '-ఎస్' తరువాత ఒక ఫోల్డరు పేరు ఇస్తే అక్కడి నుంచి వెతకడం మొదలుపెడుతుంది. '-పి' తరువాత మనకు కావలసిన పేర్ల నమూనా ఇవ్వవచ్చు. మా పిల్లలు ఫైలు పేరు మార్చకుండా '-పి' తరువాత కొటేషన్ గుర్తుల మధ్య '*_పరీక్ష.పై' అని ఇచ్చినా సరిపోయేదే. కాని అది ప్రతిసారీ గుర్తుపెట్టుకుని టైపు చేయాలి. పేరు మార్చడమే మంచిది.

పరీక్ష ముగిశాక ఈ పనిముట్టు మన కంటికి కనబడకుండా ఒక అంకెను కూడా కంప్యూటరుకు అందిస్తుంది. అన్నీ నెగ్గితే 0, ఏదైనా తప్పితే 1. దీనివల్ల ఏమిటి లాభం? తెర మీది మాటలు చదివే మనిషి లేకపోయినా, ఇంకో ప్రోగ్రాము ఆ అంకెను చూసుకోగలదు. పెద్ద సంస్థల్లో ఎవరైనా ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినా, పరీక్షలన్నీ వాటంతట అవే నడిచేలా ఏర్పాటు చేసుకుంటారు. అంకె 0 అయితేనే ఆ మార్పును లోపలికి రానిస్తారు.

మరి పరీక్షలు సున్నా అయితే? మా పాత యంత్రాల్లోని పైథాన్ అప్పుడు కూడా 0 అనే చెబుతుంది. ఇలా మోసపోయేవాళ్ళు ఉంటారని పైథాన్ తయారుచేసేవారు కూడా గుర్తించారు. 2023లో వచ్చిన పైథాన్ 3.12 నుంచి పద్ధతి మారింది. ఒక్క పరీక్ష కూడా దొరకకపోతే ఓకే అనదు. 'నో టెస్ట్స్ రాన్' అంటుంది. ఇచ్చే అంకె కూడా 0 కాదు, 5.

పేలిపోయిన రాకెట్టు

ఒక్క మార్కు పోతే మళ్ళీ దిద్దుకున్నాం. అన్ని తప్పులనూ అలా దిద్దుకోలేం. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో, కూరూ అనే చోటు నుంచి ఐరోపావారి ఏరియేన్ 5 రాకెట్టు మొదటిసారి బయలుదేరింది. సుమారు 40 సెకన్లకే దారి తప్పి, ముక్కలై పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు కూడా నాశనమయ్యాయి.

కారణం ఏమిటి? రాకెట్టు దిశను లెక్కగట్టే ప్రోగ్రామును అంతకుముందున్న ఏరియేన్ 4 నుంచి తీసుకున్నారు. అందులో ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల చిన్న గదిలోకి మార్చే ఏర్పాటు ఉంది. ఆ గదిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఏరియేన్ 4 ప్రయాణంలో ఆ హద్దు దాటే అవసరం రాలేదు. ఏరియేన్ 5 అడ్డంగా మరింత వేగంగా కదులుతుంది. సంఖ్య గదిలో పట్టలేదు. ప్రోగ్రాము ఆగిపోయింది. విచారణ సంఘం మరో సంగతి కూడా బయటపెట్టింది. ఏరియేన్ 5 వెళ్ళే దారిలో వచ్చే విలువలను ఇచ్చి ఆ పరికరాన్ని ముందుగా పరీక్షించనే లేదు! అలా చేసి ఉంటే ఆ లోపం నేలమీదే బయటపడేది. మా పట్టిక కథా, ఈ రాకెట్టు కథా ఒకటే చూడండి. గట్టు దగ్గర అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఎవరు తయారుచేశారు?

ఈ పనిముట్టుకు కూడా ఒక వంశవృక్షం ఉంది. కెంట్ బెక్ అనే అమెరికా ప్రోగ్రామరు 'స్మాల్‌టాక్' అనే భాష కోసం మొదట ఇలాంటిది రాశాడు. 1997లో ఆయన, ఎరిక్ గామా అనే మిత్రుడు కలిసి విమానంలో ప్రయాణం చేస్తూ 'జావా' భాష కోసం 'జెయూనిట్' మొదలుపెట్టారు. దాన్ని చూసి స్టీవ్ పర్సెల్ పైథాన్ కోసం ఒకటి తయారుచేశాడు. 2001లో పైథాన్ 2.1తో అది యూనిట్‌టెస్ట్ పేరుతో ఆ భాషలోనే భాగమైంది. పరీక్షలను తనంతట తానే వెతికే విద్య మాత్రం 2010లో, పైథాన్ 2.7తో వచ్చింది.

మీరే చేసి చూడండి

లీపు సంవత్సరమో కాదో చెప్పే ప్రోగ్రాము ఒకటి రాయండి. ముందుగా '4తో నిశ్శేషంగా భాగించబడితే లీపు సంవత్సరం' అని మాత్రమే రాయండి. తరువాత 'టెస్ట్' అని మొదలయ్యే పేరుతో వేరే ఫైలు తీసుకుని, నాలుగు పరీక్షలు రాయండి: 1900 లీపు కాదు, 2000 లీపు, 2023 కాదు, 2024 లీపు. వాటి పేర్లు టెస్ట్_1900, టెస్ట్_2000 ఇలా పెట్టండి. ఆదేశం ఇస్తే ఒక ఎఫ్, దాని పక్కన మూడు చుక్కలు రావాలి. ఎందుకంటే 1900 వంటి శతాబ్ది సంవత్సరం 400తో కూడా భాగించబడితేనే లీపు అవుతుంది. ఈ తప్పు చిన్నపిల్లలే చేస్తారనుకోకండి. 'లోటస్ 1-2-3' అనే ప్రసిద్ధమైన లెక్కల ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగా తీసుకుంది. దానితో పొత్తు కుదరడం కోసం 'ఎక్సెల్' కూడా అదే లెక్కను కొనసాగించింది. ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే తేదీ ఇప్పటికీ ఉంది! మీ ప్రోగ్రామును సరిదిద్ది, నాలుగు చుక్కలూ తెప్పించండి.

ఆ తరువాత ఇంకో పని కూడా చేయండి. సరిగా ఉన్న ప్రోగ్రామును కావాలని ఒకసారి చెడగొట్టి, ఆదేశం ఇవ్వండి. ఎఫ్ వస్తే మీ పరీక్షలు మేలుకునే ఉన్నాయని అర్థం. అప్పుడు కూడా ఓకే అంటే, ఆ పరీక్షలు నిద్రపోతున్నాయి, లేదా వాటి తలుపు ఎవరూ తట్టలేదు.

ఇప్పుడు మా కంప్యూటరు గదిలో గోడ మీద ఒక అట్ట వేలాడుతోంది. ఆ ముగ్గురు పిల్లలే రాశారు: "ఓకే చూసే ముందు, ఎన్నో చూడు." 35 తెచ్చుకున్న అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. రోజూ సాయంత్రం ఆ గదికే వస్తోంది. ఎవరు కొత్త ప్రోగ్రాము రాసినా గట్టు మీది ప్రశ్న అడిగేది ఆ పిల్లే.